పెద్దలకూ ఒక బడి: యువత ఎదుగుదలకు ఊరిని సిద్ధం చేయడం

1990 దశకం తొలి ఏళ్లలో, తిరుపతి కూడా కలిసి ఉన్న అప్పటి చిత్తూరు జిల్లాలో సాగిన సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమానికి 'అక్షర తపస్మాన్' అని పేరు పెట్టారు. ఈ ప్రాంతంలో ఎండాకాలపు మహాభారత ఉత్సవాలు చూసినవారికి ఆ పేరును విడమరచి చెప్పనక్కరలేదు. ధర్మరాజుల గుడి ముందు అర్జునుడి తపస్సుకు గుర్తుగా నిలబెట్టిన పొడవాటి తపసు మాను మీదికి అర్జున వేషధారి పద్యాలు పాడుతూ ఎక్కడం, కింద ఊరంతా తలలు పైకెత్తి చూడడం ఇక్కడి పల్లెలకు తరతరాలుగా తెలిసిన దృశ్యం. ఆ ఉద్యమంలో పగలంతా కూలి పనులు చేసి వచ్చిన ఆడవాళ్లు, మగవాళ్లు రాత్రిపూట పలకలు పట్టుకుని కూర్చుంటే, వారికి అక్షరాలు దిద్దించడానికి ఊళ్లోని చదువుకున్న కుర్రవాళ్లు, అమ్మాయిలు జీతం లేకుండా ముందుకు వచ్చారు. యువత పెద్దలకు ఓనమాలు నేర్పిన ఈ ప్రాంతంలో ఇప్పుడు వేరొక పాఠం మిగిలి ఉంది. పదిహేను, పదహారేళ్ల పిల్లల పక్కన నిలబడడం ఎలాగో పెద్దలు నేర్చుకోవాలి.

ఈ మాట వినగానే, పిల్లల్ని పెంచడం కూడా ఒకరు నేర్పాలా అన్న ప్రశ్న సహజంగానే వస్తుంది. తిరుపతిలో ఇప్పుడు జరుగుతున్న శిక్షణలను గమనిస్తే జవాబు దొరుకుతుంది. వ్యక్తిత్వ వికాస తరగతులు, పోటీ పరీక్షల కోచింగు, ఉద్యోగ మేళాల ముందు జరిపే ఇంటర్వ్యూ శిక్షణ, మత్తు పదార్థాలపై అవగాహన సదస్సులు అన్నీ యువతను ఎదురుగా కూర్చోబెట్టి చెప్పేవే. రెండు గంటలు ఉపన్యాసం విన్న విద్యార్థి సాయంత్రానికి తిరిగి వెళ్లేది మాత్రం అదే ఇంటికి, అదే హాస్టలు గదికి. అక్కడ ఉన్న తండ్రి, మేనమామ, వార్డెన్, అధ్యాపకుడు నిన్న ఎలా మాట్లాడారో ఈరోజూ అలాగే మాట్లాడతారు, ఎందుకంటే వారికి ఎవరూ ఏమీ చెప్పలేదు. మొక్కకు ఎంత బలమైన విత్తనం వేసినా నేలను పట్టించుకోకపోతే ఏమవుతుందో ఇక్కడ మామిడి తోటలు, వేరుశనగ చేలు చూసుకునే రైతుకు ఇంకొకరు చెప్పనక్కరలేదు.

యువతను సమస్యల మూటగా చూసే పద్ధతి చాలాకాలం ప్రపంచమంతటా రాజ్యమేలింది. తాగుడు, తగాదాలు, చదువు మానేయడం, చిన్న వయసు గర్భాలు, ఇలా ఒక్కో కష్టానికి ఒక్కో నివారణ కార్యక్రమం ఉండేది. 1990ల నుంచి దీనికి ఎదురుగా మరొక ఆలోచన బలపడింది. చెడు అలవాటు ఏదీ లేనంత మాత్రాన ఒక యువకుడు జీవితానికి సిద్ధమైనట్టు కాదు. అతనికి నేర్పు, ఆత్మవిశ్వాసం, మనుషులతో అనుబంధం, శీలం, ఇతరుల పట్ల కరుణ కూడా పెంపొందాలి అన్నది ఆ ఆలోచన. అమెరికాలోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ లెర్నర్ ఈ ఐదు గుణాలను చెప్పి, ఈ ఐదూ కుదిరినప్పుడు తన కుటుంబానికి, సమాజానికి తిరిగి ఇవ్వగలగడం అనే ఆరోది పుడుతుందని వివరించాడు. దీన్నే సానుకూల యువ వికాసం అంటున్నారు. ఈ గుణాలు ఉపన్యాసాలతో రావని, చుట్టూ ఉన్న మనుషుల నుంచి, వారు ఇచ్చే పనుల నుంచి వస్తాయని ఈ రంగంలో పనిచేసినవారు మొదటి నుంచీ చెబుతూనే ఉన్నారు.

అందుకు బలమైన ఆధారం హవాయి దీవుల్లోని కవాయిలో జరిగిన పరిశీలన. 1955లో ఆ దీవిలో పుట్టిన 698 మంది పిల్లలను ఎమీ వెర్నర్ బృందం దశాబ్దాల తరబడి గమనించింది. పేదరికం, ఇంట్లో కలహాలు, తల్లిదండ్రుల తాగుడు లేదా మానసిక అనారోగ్యం వంటి అనేక కష్టాల మధ్య పెరిగిన పిల్లల్లో దాదాపు మూడోవంతు మంది నిబ్బరం, సమర్థత, దయ ఉన్న మనుషులుగా ఎదిగారు. వారిని నిలబెట్టిన వాటిలో ప్రధానమైనది, కష్టకాలంలో వదలకుండా పక్కన ఉన్న కనీసం ఒక పెద్దమనిషి. ఆ మనిషి తల్లో తండ్రో కానక్కరలేదు. అవ్వ కావచ్చు, పక్కింటి అత్త కావచ్చు, బడి అయ్యవారు కావచ్చు. అమెరికాలోనే సెర్చ్ ఇన్‌స్టిట్యూట్ అనే సంస్థ యువత ఎదుగుదలకు అవసరమైన 40 అండలను గుర్తించింది. వాటిలో సగం బయటి నుంచి అందేవి, సగం లోపల పెంపొందేవి. బయటివాటిలో ఒకటి ఇక్కడ ప్రత్యేకంగా గమనించదగినది: తల్లిదండ్రులు కాకుండా కనీసం ముగ్గురు పెద్దల ఆసరా ప్రతి యువకుడికీ, యువతికీ ఉండాలి.

తిరుపతి, చిత్తూరు పరిసరాల్లో పాతికేళ్ల కిందట ఈ ముగ్గురిని వెతుక్కోవలసిన పని ఉండేది కాదు. ఉమ్మడి కుటుంబంలో చిన్నాయనలు, మేనమామలు, సాయంకాలం అరుగు మీద కూర్చునే తాతలు ఉండేవారు. ఆ కాలంలో అంతా బాగుందని అనడం నిజం కాదు. ఆ పెద్దరికంలో కులం, ఆడపిల్లల మీద ఆంక్షలు, కొట్టి దారికి తెచ్చే అలవాటు కూడా కలిసే ఉండేవి. అయితే పిల్లవాడికి ఒక తలుపు మూసుకుంటే ఇంకో తలుపు ఉండేది. ఇప్పుడు పదో తరగతి అవగానే కుప్పం, పుంగనూరు, సత్యవేడు వైపు పల్లెల నుంచి పిల్లలు తిరుపతిలోనో, ఇంకా దూరంలోనో హాస్టళ్లలో చేరుతున్నారు. తెల్లవారకముందే మొదలై రాత్రి పొద్దుపోయేదాకా సాగే స్టడీ అవర్లలో వారికి కనిపించే పెద్దలు అధ్యాపకుడు, వార్డెన్, మెస్ నడిపేవారు. వారికీ విద్యార్థికీ మధ్య మాటలన్నీ మార్కులు, హాజరు, ఫీజు చుట్టూనే తిరుగుతాయి. ఆ పెద్దలు చెడ్డవారు కావడం వల్ల ఇలా జరగడం లేదు. మార్కులు చూడడమే వారికి అప్పగించిన పని. పిల్లవాణ్ని చూడడం ఎవరి పనిగానూ లేదు.

చట్టాలు కూడా సరిగ్గా ఈ వయసు దగ్గరే సన్నబడతాయి. 2009 నాటి విద్యాహక్కు చట్టం బడి యాజమాన్య కమిటీల్లో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులు లేదా సంరక్షకులు, మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలు ఉండాలని నిర్దేశించింది. పెద్దలను బడిలోకి రప్పించడానికి అది మంచి ఏర్పాటే. కాని ఆ చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు వర్తించేది. పిల్లలు ఎక్కువ తికమక పడే ఇంటర్మీడియట్ వయసుకు వచ్చేసరికి తల్లిదండ్రుల పాత్ర ఫీజు కట్టడానికీ, సెలవుల్లో ఇంటికి తీసుకెళ్లడానికీ పరిమితమవుతోంది. 2014 జాతీయ యువజన విధానం యువత అంటే 15 నుంచి 29 ఏళ్లవారని నిర్వచించింది. ఈ రెండు నిర్వచనాల మధ్య నిలబడిన పదిహేనేళ్ల పిల్లవాడి గురించి పెద్దలకు ఏం నేర్పాలన్నది ఎవరూ గట్టిగా ఆలోచించని విషయం.

మొదట నేర్పవలసింది వినడం. ఇది చాలా సులువుగా కనిపిస్తుంది, అందుకే దీన్ని నేర్పడం కష్టం. పెద్దల శిక్షణలో ఉపయోగపడే అభ్యాసం ఒకటి ఇలా సాగుతుంది. ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాలు వచ్చిన రోజును ఊహించుకోమని చెప్పి, ఇద్దరు తండ్రులను ఎదురెదురుగా కుర్చీల్లో కూర్చోబెడతారు. ఒకరు రెండు పేపర్లు పోయిన కొడుకు, మరొకరు తండ్రి. తండ్రి పాత్రలో ఉన్నవారి నోట మొదటి మాటగా వచ్చేది దాదాపు ఎప్పుడూ "ఎన్నొచ్చినాయిరా?" అనే. రెండోది "పక్కింటోళ్ల పిల్లోనికి ఎన్నొచ్చినాయో తెలుసునా?" అక్కడ ఆపి, కొడుకు పాత్రలో ఉన్న మనిషిని ఆ క్షణాన ఏమనిపించిందని అడగాలి. నలభై ఐదేళ్ల రైతు తల వంచుకుని "లేసి తలుపు కల్లా పోవాలనిపించింది సార్" అన్నాడంటే, గంటసేపు చెప్పే ఉపన్యాసం చేయలేని పని ఆ ఒక్క వాక్యం చేసినట్టే. రెండోసారి అదే సన్నివేశాన్ని ఒక నియమంతో ఆడిస్తారు: మూడు నిమిషాల పాటు సలహా చెప్పకూడదు, ఎవరితోనూ పోల్చకూడదు, తెలుసుకోవడానికి మాత్రమే అడగాలి. అప్పుడు "అన్నం తింటివా?", "ఏ పేపరు కష్టమాయ?" వంటి మాటలు వస్తాయి. ఆ మూడు నిమిషాలూ చాలామంది పెద్దలకు మూడు గంటల్లా తోస్తాయి. మౌనంగా ఉండలేక సలహాలోకి జారిపోవడాన్ని వారే పట్టుకుని నవ్వుకుంటారు. ఆ తర్వాతే సప్లిమెంటరీ పరీక్షకు ఫీజు కట్టే గడువు ఎప్పుడు, ఎవరిని కలవాలి అన్న ఆచరణ విషయాలకు చోటు దొరుకుతుంది. ఫలితాల రోజుల్లో ప్రాణం మీదికి తెచ్చుకునే పిల్లల వార్తలు ఏటా చదువుతున్న రాష్ట్రంలో, ఇంటి గుమ్మంలో వినబడే మొదటి వాక్యాన్ని మార్చడం చిన్న పని కాదు.

పెద్దలకు నేర్పేటప్పుడు వారిని బడి పిల్లల్లా చూడకూడదన్నది వయోజన విద్యలో మొదటి పాఠం. పెద్దలు తమ అనుభవంతో ముడిపడిన దాన్నే నిలుపుకుంటారు. అందువల్ల శిక్షణను సిద్ధాంతంతో కాకుండా ఒక జ్ఞాపకంతో ప్రారంభించడం మంచిది: మీకు పదహారేళ్లు ఉన్నప్పుడు, అమ్మానాన్నలకు చెప్పుకోలేని మాట చెప్పుకోవడానికి ఎవరున్నారు? ఈ ప్రశ్నకు గదిలో కాసేపు నిశ్శబ్దం ఉంటుంది. తర్వాత ఒకరు మేనత్తను, ఒకరు సైకిల్ షాపు ఆయనను, ఒకరు తెలుగు అయ్యవారిని తలుచుకుంటారు. ఎవరూ లేరని చెప్పేవారు కూడా ఉంటారు. వారి మాట ఇంకా విలువైనది. ఆ తర్వాత ఒక్కొక్కరికి తెల్లకాగితం ఇచ్చి, తమ ఇంట్లోని యువకుడు లేదా యువతి ఈరోజు అలా వెళ్లగలిగిన ముగ్గురు పెద్దల పేర్లు రాయమని అడగాలి. చదువు రానివారి తరఫున మరొకరు రాయవచ్చు. అదే కాగితాన్ని పిల్లల చేత కూడా విడిగా రాయిస్తే రెండింటికీ పొంతన కుదరని సందర్భాలు చాలా ఉంటాయి. మూడు గీతల్లో ఒకటే నిండిన కాగితం తల్లిదండ్రులను తప్పుపట్టడానికి కాదు, ఎక్కడ పని మొదలుపెట్టాలో చూపడానికి.

వినడం తర్వాత వచ్చేది పని ఇవ్వడం, అదీ నిజమైన పని. పరిశోధకుడు రోజర్ హార్ట్ 1992లో యూనిసెఫ్ కోసం రాసిన వ్యాసంలో పిల్లల భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా చూపించాడు. కింది మూడు మెట్లనూ అతను భాగస్వామ్యంగానే లెక్కించలేదు: పిల్లల్ని పెద్దల అవసరానికి వాడుకోవడం, అలంకారంగా నిలబెట్టడం, పేరుకు మాత్రం కూర్చోబెట్టడం. ప్రారంభోత్సవానికి అతిథి రావడం ఆలస్యమై, పూలపళ్లేలు పట్టుకుని ఎండలో వరుసగా నిలుచున్న ఆడపిల్లలను చూసిన ఎవరికైనా రెండో మెట్టు వెంటనే అర్థమవుతుంది. యువజన దినోత్సవాల్లో వేదిక మీద ఒక విద్యార్థికి రెండు నిమిషాల మైకు ఇచ్చి, నిర్ణయాలన్నీ ముందే అయిపోయి ఉండడం మూడో మెట్టు. పై మెట్లకు ఎక్కడం అంటే ఏమిటో తెలుసుకోవడానికి మాత్రం దూరం పోనవసరం లేదు.

శ్రీకాళహస్తిలో కలంకారీ పనిచేసే ఇంటిని దగ్గరగా గమనిస్తే అది కనిపిస్తుంది. గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో నానబెట్టి ఆరబెట్టడం, చింతపుల్ల కాల్చిన బొగ్గుతో గీత గీయడం, ఇనుము, బెల్లం ఊరవేసి తీసిన నల్లటి కసిమిలో వెదురు కలం ముంచి ఆ గీత మీద తిరిగి గీయడం, రంగులు నింపడం, పారే నీళ్లలో ఉతకడం అన్నీ ఒకదాని మీద ఒకటి ఆధారపడిన పనులు. వాటిలో ఏది తప్పినా గుడ్డ పాడవుతుంది. అంటే, నేర్చుకునే పిల్లవాడికి చిన్న పని అప్పగించినా అది ఉత్తుత్తి పని కాదు, అసలు గుడ్డ మీద పనే. గురువు పక్కనే కూర్చుని తన పని తాను చేసుకుంటూ ఉంటాడు. అవసరమైనప్పుడు చెయ్యి పట్టుకుని గీత ఒంపు చూపిస్తాడు, మళ్లీ వదిలేస్తాడు. నమ్మి అప్పగించడం, దగ్గరలో ఉండడం, తప్పు జరిగితే సరిదిద్దే వీలు ఉంచడం, ఈ మూడింటినీ శిక్షణ పుస్తకాలు పేజీలకొద్దీ వివరిస్తాయి. తిరుపతి గంగమ్మ జాతర వారం రోజుల్లోనూ దీని ఛాయ కనిపిస్తుంది. ఇంట్లో తల్లో అమ్మమ్మో దగ్గరుండి వేషం కట్టించి పంపితే, కుర్రవాడు ఊరందరి కళ్ల ముందు మొక్కు తీర్చుకుని వస్తాడు. ఊరు అతన్ని ఆ రోజు అల్లరి పిల్లవాడిగా కాక, ఊరి కార్యంలో ఒక చెయ్యిగా చూస్తుంది. శిక్షణలో పెద్దలను అడగవలసింది ఇదే: జాతరకు చూపే ఆ నమ్మకాన్ని చెరువు పూడికతీత లెక్కల్లో, గ్రంథాలయం నడపడంలో, గ్రామసభలో మాట్లాడడంలో ఎందుకు చూపడం లేదు?

ఇలాంటి శిక్షణ ఎక్కడ జరగాలన్నది, ఏం నేర్పాలన్నదాని కంటే తక్కువ ముఖ్యం కాదు. పొదుపు సంఘాలు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి, క్రమంగా సమావేశమవుతాయి, అక్కడ ఒకరి మాట ఒకరు వినే అలవాటు ఇప్పటికే ఉంది. తల్లులను చేరడానికి అంతకంటే మంచి చోటు లేదు. అయితే ప్రభుత్వం తలపెట్టే ప్రతి కార్యక్రమాన్నీ సంఘం ఆడవాళ్ల నెత్తినే పెట్టడం ఇప్పటికే ఎక్కువైంది. వారి సమావేశంలో నెలకు అరగంట అడగడం న్యాయం, మరొక రిజిస్టరు రాయమనడం న్యాయం కాదు. తండ్రులు సంఘానికి రారు. పాడి ఎక్కువగా ఉన్న ఈ ప్రాంతంలో వారు తెల్లవారుజామునా సాయంత్రమూ క్యాన్లతో పాల కేంద్రం దగ్గర నిలబడతారు, ఆ తర్వాత టీ అంగడి దగ్గర కాసేపు ఆగుతారు. పాల కేంద్రం వెనుక అరుగు మీద పదిమందితో జరిగే అరగంట మాట, మండల కేంద్రంలో బ్యానర్ కట్టి జరిపే రోజంతా సదస్సు కంటే ఎక్కువ దూరం పోతుంది. పట్టణంలో హాస్టల్ వార్డెన్లు, మెస్ నడిపేవారు, ఆటో స్టాండు పెద్దలు, వ్యాయామశాల నడిపేవారు విద్యార్థులను రోజూ చూస్తారు. వారికి ఎవరూ శిక్షణ ఇవ్వాలని అనుకోరు. చదువు ఆపి తిరుపతి లాడ్జీల్లో, హోటళ్లలో, శ్రీసిటీ పరిశ్రమల్లో పనికి చేరిన యువత సంగతి మరీ మరుగున పడుతోంది. వారికి పెద్ద దిక్కు సూపర్‌వైజరే. కళాశాల ఆవరణ దాటని యువజన కార్యక్రమం వారిని చేరదు.

ఆడపిల్లల విషయంలో ఇంకొక జాగ్రత్త కావాలి. సాయంత్రం ఊరికి చేరే బస్సు లేకపోవడం వల్ల ఇంటర్ దగ్గరే చదువు ఆగి, పెళ్లి మాటలు మొదలైన ఇంట్లో ఆ అమ్మాయి తరఫున మాట్లాడవలసినది బయటి ఉపన్యాసకుడు కాదు, ఆ వీధిలోనే ఉండే అంగన్‌వాడీ టీచరు, ఆశా కార్యకర్త, సంఘం లీడరు. ఆ మాట ఎలా ఎత్తాలి, తండ్రి కోపాన్ని ఎలా తట్టుకోవాలి, 2006 నాటి బాల్య వివాహ నిషేధ చట్టాన్ని బెదిరింపుగా కాకుండా ఆఖరి అండగా ఎప్పుడు వాడాలి అన్నవి వారికి నేర్పదగిన నైపుణ్యాలు.

పెద్దలను పిల్లలకు దగ్గర చేసే ఏ ప్రయత్నమైనా రక్షణ నియమాలు లేకుండా మొదలుపెట్టకూడదు. మంచి ఉద్దేశం చాలదు. మూసిన గదిలో ఒంటరిగా కలవకపోవడం, ఇంట్లో తెలియకుండా ఫోన్ సందేశాలు పంపకపోవడం, కానుకలు, అప్పులు ఇవ్వకపోవడం ముందే అందరికీ చెప్పి రాయించుకోవాలి. 18 ఏళ్లలోపు పిల్లలపై లైంగిక నేరం గురించి తెలిసిన ఎవరైనా పోలీసులకు తెలపాలని 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ చెబుతోంది. తెలపకపోతే ఆరు నెలల దాకా జైలు శిక్ష పడవచ్చు. 'ఊరి పరువు' పేరుతో పెద్దలు మాట్లాడి సర్దేయడం నేరమన్న సంగతి చాలామంది పెద్దమనుషులకు శిక్షణలోనే మొదటిసారి తెలుస్తుంది. తమకు మించిన కష్టాన్ని గుర్తుపట్టి సరైన చోటికి అప్పగించడం కూడా నేర్చుకోవలసిందే: పిల్లల కోసం 1098, మానసిక ఆరోగ్య సలహా కోసం 14416 టెలీ మానస్ నంబర్లు ఆ పెద్దల ఫోన్లలో ఉండాలి. వినగలిగిన పెద్దమనిషి వైద్యుడు కాడు, కానక్కరలేదు.

ఈ పనిలో అన్నిటికంటే ఎక్కువగా చెడగొట్టేది తొందర. ఒకరోజు శిక్షణ, ఒక ఫోటో, ఒక సర్టిఫికెట్‌తో ముగిసే కార్యక్రమం ఏ మేలూ చేయకపోయినా కీడు మాత్రం చేయదని అనుకోవడం సహజం. జీన్ గ్రాస్‌మన్, జీన్ రోడ్స్ 2002లో ప్రచురించిన అధ్యయనం ఆ నమ్మకాన్ని వమ్ము చేసింది. స్వచ్ఛందంగా వచ్చిన పెద్దలను యువతతో జతచేసే అమెరికా కార్యక్రమాన్ని పరిశీలిస్తే, ఏడాది పైగా నిలిచిన అనుబంధాల్లోనే ఎక్కువ మేలు కనిపించింది; మొదటి మూడు నెలల్లోనే తెగిపోయిన చోట పిల్లల ఆత్మగౌరవం మునుపటి కంటే తగ్గింది. ఒకసారి నమ్మి, ఆ నమ్మకం మధ్యలో తెగిన పిల్లవాడు తర్వాత వచ్చే మనిషిని నమ్మడం మరింత కష్టం. అందువల్ల శిక్షణకు వచ్చిన పెద్దను మొదట అడగవలసింది ఉత్సాహం ఎంత ఉందని కాదు, ఏడాది పాటు వారానికి ఒక గంట ఇవ్వగలరా అని. ఇవ్వలేనివారిని గౌరవంగా వెనక్కి పంపడమే మేలు. వారు జాతర పనుల్లో, గ్రంథాలయానికి పుస్తకాలు తేవడంలో చేదోడు కావచ్చు.

ఏడాది అంతటా ఆ పెద్దలకు కూడా ఒకరు అండగా ఉండాలి. తిరుపతిలో శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయం 1954 నుంచి, శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం 1983 నుంచి ఉన్నాయి; రెండింటిలోనూ సామాజిక సేవా విద్య చదివే విద్యార్థులు క్షేత్రస్థాయి శిక్షణ కోసం ఊళ్లకు వెళ్తారు. నెలకొకసారి అదే ఊరికి, అదే సంఘానికి వెళ్లి, పోయిన నెల ఎక్కడ మాట తడబడిందో పెద్దలతో కూర్చుని చర్చించే పని వారికి అప్పగించవచ్చు. ఇరవై రెండేళ్ల విద్యార్థిని యాభై ఏళ్ల మనిషికి చెప్పగలదా అన్న సందేహం ఈ ప్రాంతానికి కొత్త కాదు. పలకా బలపం పట్టించిన ఆ రాత్రి బడుల్లో కూడా చాలామంది అలాగే సందేహించి ఉంటారు.

ఏడాది తిరిగాక చేయవలసిన లెక్క ఒకటే. అదే సంఘంలో, అదే పాల కేంద్రం అరుగు మీద, అదే యువకుల చేతికి మళ్లీ తెల్లకాగితం ఇచ్చి ముగ్గురు పెద్దల పేర్లు రాయమనాలి. పోయిన ఏడాది కాగితాన్ని పక్కన పెట్టి, ఖాళీగా ఉన్న గీతల్లో ఎన్ని నిండాయో, రాసిన పేర్లలో శిక్షణకు వచ్చినవారివి ఎన్ని ఉన్నాయో చూడాలి. ఇంకా ఖాళీగా మిగిలిన గీత ఎవరి కాగితంలో ఉందో, మరుసటి ఏడాది మొదటి సమావేశం ఆ ఇంటి గురించే మొదలవ్వాలి.